చందమామ, ఐదు టోపీలు: ఒక గోరింటాకు దుకాణం గుర్తు పుట్టిన కథ

మెహందీ పెట్టే దుకాణాల బోర్డులు ఓ పదింటిని వరసగా చూడండి. నెమలో, మామిడి పిందో, తామరపువ్వో ఉంటుంది. కాదంటే మోచేతి దాకా నిండుగా డిజైను వేసిన చెయ్యి. పేరు చెరిపేసి గుర్తు ఒక్కటే చూపిస్తే అది ఎవరి దుకాణమో చెప్పడం కష్టం. హైదరాబాదు లాడ్ బజారులో అంతే, మా విజయవాడ బీసెంట్ రోడ్డు సందుల్లోనూ అంతే. చేతిపనిలో మాత్రం మనిషికీ మనిషికీ ఎంతో తేడా. ఒకరి గీత సన్నం, ఇంకొకరిది నిండు. ఒకరు అరబిక్ తీగలు అలవోకగా పాకించేస్తారు, మరొకరు పెళ్ళికూతురి అరచేతిలో పల్లకీనీ బోయీలనూ కూడా దించగలరు. ఇంత తేడా ఉన్న పనివాళ్ళందరి తలుపు మీదా ఒకే నెమలి ఉండటం నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది. బోర్డులూ లేబుళ్ళూ గీసి బతికేదాన్ని కాబట్టి ఆ బాధ ఇంకాస్త ఎక్కువ.

అలాంటప్పుడు ఒక అమ్మాయి వచ్చి తన దుకాణానికి గుర్తు గీసిమ్మంది. డిగ్రీ చదువుతూ పెళ్ళిళ్ళకు వెళ్ళి మెహందీ పెట్టడం నేర్చుకుంది. ఇప్పుడు ఒక గది అద్దెకు తీసుకుని రెండు కుర్చీలు వేసుకుంది. దుకాణం పేరు 'గోరింట' అనే మాటతో మొదలవుతుంది. మిగతా పేరు ఆమెది, ఇక్కడ రాయను. వస్తూనే ఫోనులో ఒక ఫొటో చూపించింది. పెళ్ళికూతురి రెండు చేతులు, సూది మొన పెట్టడానికి కూడా ఖాళీ లేని డిజైను. ఆమె చేసిన వాటిలో అదే గొప్పదట. "అక్కా, ఈ పనంతా లోగోలో కనపడాలి" అంది.

ఆ కోరిక నాకు అర్థమైంది. గంటల తరబడి వంగి కూర్చుని చేసే పని అది. కాని ఆ గుర్తు ఎక్కడెక్కడ బతకాలో ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. వీధి బోర్డు ఆరడుగులు. అది పెద్ద ఇబ్బంది కాదు. కోను మీద అంటించే స్టిక్కరు అంగుళం వెడల్పు ఉంటుంది, పైగా అది ఫ్రీజరులో తడుస్తుంది, నీలగిరి తైలం తగిలి జిడ్డవుతుంది. కవర్ల మీద వేసే రబ్బరు స్టాంపు ఒకే రంగు. అన్నిటికన్నా కఠినమైనది వాట్సాప్‌లో పేరు పక్కన వచ్చే గుండ్రటి బొమ్మ, అది గోరంత కూడా ఉండదు. ఇప్పుడు ఆమె గిరాకీలో చాలా భాగం మొదట చూసేది ఆ గోరంత బొమ్మనే. అంత చిన్నగా చేసేసరికి పెళ్ళికూతురి చేతిలోని పనంతా కలిసిపోయి ఒక గోధుమరంగు మరక మిగిలింది. పనితనం చూపించడానికి ఫొటోలున్నాయి, ఆల్బమ్ ఉంది, రీల్స్ ఉన్నాయి. గుర్తు పని అది కాదు. అది గుర్తుండిపోవాలి, అంతే.

పని చూపించకపోతే పోనీ, ఖాళీ చెయ్యి గీద్దామా? తెరిచిన అరచెయ్యి మన దగ్గర ఇప్పటికే రెండు చోట్ల ఉద్యోగం చేస్తోంది. 1978 నుంచి అది ఇందిరా గాంధీ కాంగ్రెస్ ఎన్నికల గుర్తు. గోడల మీద, కండువాల మీద, ఫ్లెక్సుల మీద ఇన్నేళ్ళుగా చూసిన కళ్ళు నిలువుగా నిలబెట్టిన అరచేతిని ముందు ఆ పార్టీగానే చదువుతాయి. ఆ చదవడం తప్పించాలని అరచేతిలో గీతలు గీస్తే చెయ్యి చూసి జాతకం చెప్పేవారి బోర్డు అయిపోతుంది. ఆకు గీస్తే ఆయుర్వేద మందుల షాపు. మామిడి పిందె సంగతి ముందే చెప్పాను. చీర అంచుల నుంచి వడ్డాణాల దాకా అంతటా ఉన్న ఆకారం ఏ ఒక్క దుకాణానికీ అంటుకోదు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. గోరింటాకు దుకాణం అనేదే మన ఊళ్ళకు కొత్త. పెరట్లోనో పక్కింటి పెరట్లోనో చెట్టు ఉండేది. ఆషాఢంలోనూ, అట్లతద్దికి ముందు రోజూ ఆకు దూసి, చింతపండు వేసి, కొందరు వక్క కూడా వేసి రోట్లో మెత్తగా రుబ్బేవారు. ఎంత రుబ్బినా పచ్చి ఆకు ముద్ద ముద్దే. దానితో సన్నగీత గియ్యలేం. అందుకని అరచేతి మధ్య గుండ్రంగా చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళ కొసలకు టోపీలు. మన అమ్మమ్మలకు డిజైను రాక అలా పెట్టలేదు. ఆ ముద్ద ఒప్పుకునే ఆకారం అదే, ఆ ఆకారంలో అది నిండుగా పండుతుంది కూడా.

ఆకు బదులు పొడి వచ్చాక కథ మారింది. రాజస్థాన్‌లోని పాలీ జిల్లా సోజత్ ప్రాంతం ఈ పంటకు పెట్టింది పేరు. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పొడిని వస్త్రగాళితం పట్టి, నిమ్మరసంతో కలిపి, పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని చుట్టిన కోనులో నింపితే గుండుసూది మొనంత గీత వస్తుంది. ఇప్పుడు మనం చూస్తున్న జిలుగు పనంతా ఆ కోను పుణ్యమే. రంజానుకు, పెళ్ళికి మెహందీ పెట్టుకోవడం దక్కను ముస్లిం ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. తెలుగు హిందూ పెళ్ళిళ్ళలో మెహందీ ఫంక్షన్ పేరుతో ఒక రోజే కేటాయించడం తర్వాత వచ్చిన అలవాటు. ఆ అలవాటు వల్లే ఈ అమ్మాయిలాంటి వారెందరో సొంతంగా సంపాదించుకుంటున్నారు కాబట్టి దాన్ని తక్కువ చెయ్యడం నాకు ఇష్టం లేదు. ఒక్కటి మాత్రం అనిపిస్తుంది. 2024 డిసెంబరులో యునెస్కో 16 అరబ్ దేశాల గోరింట ఆచారాలను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. సూడాన్ చేతిది ఒక తీరు, మొరాకో చేతిది ఇంకో తీరు. తెలుగు చేతికీ ఒక తీరు ఉంది. అది మన బోర్డుల మీద ఎక్కడా కనపడదు.

ఇదంతా నాకు ముందే తట్టి గుర్తు గీశానని కాదు. దారి చూపించింది రేట్ల కార్డు. గోడకు తగిలించడానికి ఒక కార్డు కూడా చెయ్యమని ఆమె కాగితం మీద రాసిచ్చింది. పైన బ్రైడల్, దాని కింద సెమీ బ్రైడల్, తర్వాత అరబిక్, మండల. అన్నిటికన్నా అడుగున చిన్న అక్షరాలతో 'చందమామ, టోపీలు' అని ఉంది, అతి తక్కువ రేటుతో. అదెవరు అడుగుతారని అడిగాను.

"ఆషాఢంలో ఎక్కువ అదేనక్కా. ఆఫీసుకెళ్ళేవాళ్ళు టైము లేదని అదే పెట్టమంటారు. చిన్నపిల్లలకీ అదే. కార్డులో వెయ్యకపోయినా పర్లేదు, అదేముంది, ఎవరైనా పెడతారు."

ఎవరైనా పెడతారన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. పనికి అది లోటు కావచ్చు, గుర్తుకు అంతకన్నా బలం లేదు. చూసిన ప్రతి తెలుగు ఆడమనిషీ ఒకప్పుడు తన చేతిలో చూసుకున్న బొమ్మ అది. కొత్తగా నేర్పాల్సిన పనిలేదు. సన్నగీత ఒక్కటీ లేదు కాబట్టి ఎంత చిన్నగా చేసినా చెదరదు. ఒకే రంగు చాలు. పైగా చెయ్యి గియ్యకుండానే చెయ్యి కనపడుతుంది. ఒక గుండ్రం, దానిపైన ఐదు టోపీలు. మధ్య ఖాళీలో అరచేతినీ వేళ్ళనూ కన్ను తానే పూరించుకుంటుంది.

కాగితం మీద పెట్టగానే ఒక చిక్కు వచ్చింది. గుండ్రానికి దగ్గరగా ఐదు చుక్కలు పేర్చిన తొలి బొమ్మను చూసి ఆమె తమ్ముడు కుక్క అడుగు అన్నాడు. నిజమే, పెంపుడు జంతువుల ఆసుపత్రులన్నీ వాడే గుర్తుకు అది చాలా దగ్గర. తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిచాను. జంతువు పాదంలో కింది మెత్త పెద్దది, వేళ్ళు దానికి ఆనుకుని ఉంటాయి, వేళ్ళ గుర్తులు నిలువు గుండ్రాలు. మన చేతిలో చందమామ చిన్నది, టోపీలు దానికి చాలా దూరం. బొటనవేలు పక్కకు, బాగా కిందికి ఉంటుంది. టోపీకి అడుగు గీత తిన్నగా, పైభాగం మాత్రమే గుండ్రంగా ఉంటుంది, ఎందుకంటే ముద్దను గోరు చుట్టూ తొడుగుతాం. ఈ దూరాలను నిజం చేతి కొలతలకు తెచ్చాను. చందమామ అడ్డుకొలతకు దాదాపు మూడు రెట్ల దూరంలో మధ్యవేలి టోపీ నిలిచింది. టోపీలు వేళ్ళ పొడవును బట్టి ఎగుడుదిగుడు అయ్యాయి. కుక్క అడుగు పోయి చెయ్యి వచ్చింది. ఖాళీని కూడా గీయాలని ఇంత స్పష్టంగా నేర్పిన పని నాకు మరొకటి లేదు.

గుర్తు కుదిరింది, ఇక పేరు. తెలుగులో లోగో అక్షరాలు అంటే మన డీటీపీ సెంటర్లలో కోరెల్‌డ్రా, అను ఫాంట్లు. యూనికోడ్ ఫాంట్లలో సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఇలస్ట్రేటర్‌లో మాత్రం కంపోజర్ మార్చకపోతే గుడులూ ఒత్తులూ విడిపోయి అక్షరాలు చెల్లాచెదురవుతాయి. పేరును రకరకాల ఫాంట్లలో కొట్టి చూస్తుండగా కంటికి తగిలింది ఒకటే. 'గోరింట' నడుమ ఒక నిండు సున్న ఉంది. ఆమె 'మెహందీ' అన్న మాట కూడా కింద ఉండాలంది, ఫోనులో అందరూ వెతికేది ఆ మాటతోనే కాబట్టి. అందులోనూ మధ్య అక్షరానికి సున్నే. పైమాటలోనూ కిందిమాటలోనూ నట్టనడుమ ఒక చందమామ ముందే కూర్చుని ఉంది.

సున్నను పూర్తిగా నింపేశాం. చూడటానికి బాగుంది, చదవడానికి తడబాటు వచ్చింది. దుకాణం పక్కింటి పాప రెండో తరగతి, కూడబలుక్కుని 'గోరి' అని ఆగి, 'ట' అంది. నింపిన గుండ్రాన్ని అక్షరం కింద లెక్కపెట్టలేదు, చుక్క అనుకుంది. అప్పుడు సున్న గీతను అలాగే ఉంచి, సన్నటి ఖాళీ వదిలి, లోపల చందమామను పెట్టాను. గీత అక్షరాన్ని నిలబెట్టింది, లోపలి నిండుదనం అరచేతిని గుర్తుకు తెచ్చింది. పాప ఈసారి గడగడా చదివేసింది. చిన్న సైజులో ఆ ఖాళీ పూడిపోతుంది కాబట్టి గోరంత బొమ్మలో పేరు ఉండదు, చందమామా టోపీలే ఉంటాయి.

మిగతా అక్షరాలకు ఏ ఫాంటూ ఒప్పలేదు. ఈ చోట ఆమె మొదటి కోరిక తీరే అవకాశం కనిపించింది. సాధన చెయ్యడానికి ఆమె దగ్గర అక్రిలిక్ షీట్లున్నాయి. వాటి మీద కోనుతోనే పేరు రాయమన్నాను. పెన్నుతో రాసినప్పుడు రాని గుణం కోనుకు ఉంది. గీత మొదలయ్యే చోట చిన్న బొట్టు కడుతుంది, ఒత్తిడి సమంగా ఉన్నంతసేపు గీత ఒకే మందంలో నడుస్తుంది, కోను పైకి లేపే చోట తోక సన్నగా లాగుతుంది. తలకట్టు విరుపులో ఆ తోక ఎంత అందంగా వచ్చిందంటే, నేను దాన్ని స్కాన్ చేసి అంచులు శుభ్రం చెయ్యడం తప్ప ఏమీ మార్చలేదు. ఆమె పని లోగోలో ఉంది, డిజైనుగా కాకుండా గీతగా.

చందమామ ఆకారం దగ్గర వాళ్ళ అమ్మమ్మగారు ఒప్పుకోలేదు. కంప్యూటరులో గీసిన వృత్తాన్ని చూసి, "ఇదేంటమ్మా, గిన్నె బోర్లించి గీసినట్టుంది. చందమామ అట్టా ఉండదు" అన్నారు. ముద్దను వేలితో తీసి అరచేతిలో పెట్టి అదిమి చూపించారు. ఆవిడ చేతి కింద వచ్చిన ఆకారం పక్కలకు కాస్త సాగి, కింద బరువుగా ఉంది. దాన్నే అచ్చు తీసి వాడదామనుకుంటే, చిన్న సైజులో ఆ ఎగుడుదిగుడు ముద్రణ లోపంలా కనపడింది. చివరకు అంచులు నునుపు చేసి, అడ్డంగా ఒక పిసరు సాగదీసి ఉంచాం. చూసేవారికి గుండ్రమే. పరికరంతో కొలిస్తే తెలుస్తుంది అది వృత్తం కాదని.

రంగు గురించి చాలాసేపు మాట్లాడుకోవాల్సి వచ్చింది. మార్కెట్లో లేబుళ్ళు ఎక్కువగా పచ్చగా ఉంటాయి, ఆకు పచ్చన కాబట్టి. కాని ఎవరూ పచ్చటి చెయ్యి కోసం డబ్బివ్వరు. పండిన రంగు కోసం ఇస్తారు. గోరింటాకులో లాసోన్ అనే రంజకం ఉంటుంది, ఎండిన ఆకు బరువులో సుమారు ఒక శాతం. పులుపు తగిలినప్పుడు అది బయటికి వచ్చి చర్మంలోని కెరటిన్ అనే ప్రోటీనుకు అతుక్కుంటుంది. అరచేతి చర్మం మందం కాబట్టి అక్కడే బాగా పండుతుంది. ముద్ద రాల్చిన వెంటనే చెయ్యి నారింజ రంగులో ఉంటుంది. గాలి తగులుతూ ఒకటి రెండు రోజుల్లో అది ముదిరి ఎరుపు కలిసిన గోధుమరంగుకు వస్తుంది. ఆ రెండో రోజు రంగునే తీసుకున్నాం. ఆమె పెట్టిన చేతులను పగటి వెలుతురులో ఫొటోలు తీయించి, వాటి నుంచి రంగు పట్టి ప్రెస్సులో ఇంకు కుదిర్చాం.

నలుపు వద్దని నేను మొదటే గట్టిగా చెప్పాను. నల్లటి లోగో హుందాగా ఉంటుందని ఆమె స్నేహితురాళ్ళు సలహా ఇచ్చారట. గోరింటాకు తనంతట తాను నల్లగా పండదు. గంటలో నల్లబడే కోన్లలో పీపీడీ, అంటే జుట్టుకు వేసే రంగుల్లోని పారాఫినైలీన్‌డయామిన్ కలిపి ఉండే ప్రమాదం ఉంది. అది చర్మం మీద బొబ్బలు లేపుతుంది, కొందరికి ఆ మచ్చలు మిగిలిపోతాయి, ఒకసారి పడకపోతే తర్వాత జుట్టు రంగు కూడా పడదు. అలాంటివి వాడనని చెప్పుకునే దుకాణం తలుపు మీద నల్ల చందమామ ఉండకూడదు.

బోర్డు చేసే ఆయన దగ్గర ఇంకో విషయం తెలిసింది. గోధుమరంగును వెలుతురుతో వెలిగించలేం. గోధుమరంగు అంటే చుట్టూ ఉన్నవాటికన్నా చీకటిగా ఉన్న నారింజే. లోపల ఎల్ఈడీ పెట్టగానే అది నారింజగా మారిపోతుంది. ఆయన దాన్ని లోపంగా చెప్పి వేరే రంగు ఎంచుకోమన్నారు. మాకు మాత్రం అది వరంలా దొరికింది. పగలు పండిన చెయ్యి రంగు, రాత్రి అప్పుడే కడిగిన చెయ్యి రంగు. తెలుగులో సున్న మిగతా అక్షరాన్ని తాకకుండా విడిగా ఉంటుంది కాబట్టి ఆ ఒక్క ముక్కను వేరుగా కోసి, వేరుగా వెలిగించడం కూడా తేలికైంది. అక్షరాలు మామూలు తెలుపు, చందమామ ఒక్కటే రంగు.

తర్వాతది కాగితాల పని. చాలామంది ఈ మెట్టు దగ్గర బద్ధకిస్తారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 9వ సెక్షను ప్రకారం సరుకును వర్ణించే మాటను ఒక్కరి సొత్తుగా నమోదు చెయ్యరు. గోరింట అనే మాట ఎవరిదీ కాదు, కాకూడదు కూడా. అందుకని బొమ్మతో కలిపి దరఖాస్తు పెట్టాలి. మెహందీ పెట్టే సేవ 44వ తరగతిలోకి వస్తుంది, కోన్లూ పొడీ అమ్మితే 3వ తరగతి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయల రుసుము. అంగీకరిస్తే ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో అచ్చవుతుంది, అభ్యంతరం చెప్పడానికి నాలుగు నెలల గడువు ఉంటుంది. నమోదయ్యాక పదేళ్ళు చెల్లుతుంది, మళ్ళీ పొడిగించుకోవచ్చు. అప్పటిదాకా టీఎమ్ అని వేసుకోవచ్చు గాని, సున్నలో ఆర్ అక్షరం వేసుకోవడం నేరం.

ఇంకొకటి ఉంది, గీయించుకునేవారు అడగనిది, గీసేవారు చెప్పనిది. డబ్బిచ్చి గీయించుకున్నంత మాత్రాన లోగో మీద కాపీరైటు దానంతటది చేతులు మారదు. 1957 చట్టం ప్రకారం రాతపూర్వకంగా బదిలీ చెయ్యాలి. అందులో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్ళ కిందే లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. ఐదేళ్ళ తర్వాత తన తలుపు మీది బొమ్మ తనది కాకుండా పోవడం ఆ అమ్మాయికి జరగకూడదు. కాబట్టి కాపీరైటు ఉన్నంతకాలానికీ, అన్ని దేశాలకూ అని రాసి సంతకం పెట్టిచ్చాను. కోనుతో రాసిన అక్షరాలు ఎటూ ఆమెవే అని కూడా అందులోనే రాశాను.

రేట్ల కార్డు మారింది. చందమామ, టోపీలు అడుగు నుంచి పైకి వచ్చింది, మిగతా వరసల కన్నా పెద్ద అక్షరాల్లో. రేటు పెంచలేదు. కోను స్టిక్కరు మీద గుర్తు పక్కన ఒక చిన్న గడి వదిలాం, కలిపిన తేదీని పెన్నుతో రాయడానికి. మందులు కలపని కోను బయట ఉంచితే కొద్ది రోజుల్లోనే పండే గుణం పోగొట్టుకుంటుంది, ఆ సంగతి కొనేవారికి తెలియాలని ఆమె పట్టుదల. తొందరపడే గిరాకీ కోసం బజారు నుంచి తెచ్చిన కోన్లు కూడా అమ్ముతుంది, వాటి మీద మాత్రం ఈ గుర్తు వెయ్యదు. స్టిక్కర్ల చుట్ట కౌంటరు దగ్గర ఉండదు, ఆమె పొడి జల్లించి కలిపే బల్ల సొరుగులో ఉంటుంది.